పూటకూళ్ల ఇంటి నుంచి వేడుక భోజనశాల దాకా: సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సొంత ఇల్లు లేని నగరంలో ఒక శుభసందర్భాన్ని నలుగురితో కలిసి జరుపుకోవడానికి రైల్వేస్టేషన్ దగ్గర భోజనశాలను వెదకడం నేడు సాధారణ విషయం. ఈ వెదుకులాటకు తెలుగు సమాజంలో ఒక చరిత్ర ఉంది. క్రీడాభిరామం, కాశీయాత్ర చరిత్ర, కన్యాశుల్కం అనే మూడు గ్రంథాల సాక్ష్యాన్ని, విందును సూచించే పదాల అర్థపరిణామాన్ని, సికింద్రాబాద్ స్టేషన్ పరిసరాల చరిత్రను కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విందు పెట్టడానికి ఇల్లు ఉండాలనే షరతును స్టేషన్ పరిసరాల భోజనశాల సడలించిందనీ, అయితే పంక్తిలో ఎవరు కూర్చోవాలనే పాత ప్రశ్నను అది ఒక్కసారిగా తొలగించలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: విందు, దావత్, పూటకూళ్లు, పంక్తి, రైలు, ఇరానీ హోటల్, సికింద్రాబాద్.

1. ప్రవేశిక

తెలుగు సాహిత్యంలో ఆతిథ్యం ప్రధానంగా ఇంటికి సంబంధించిన ధర్మం. మనుచరిత్రలోని ప్రవరుని ఇల్లు, ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుని ఇల్లు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. వేళగాని వేళ అతిథి వచ్చినా వండిపెట్టే ఇల్లాలు, ముసురు పట్టిన రోజుల్లోనూ ఆరని పొయ్యి, అడగకముందే వేసే విస్తరి: ఇవన్నీ గృహస్థుని గొప్పతనానికి కొలమానాలుగా నిలిచాయి. అతిథి ఎవరైనా కావచ్చు గాని, ఆతిథేయుడు కావడానికి మాత్రం ఇల్లు తప్పనిసరి.

మరి ఇల్లు లేనివారి సంగతి ఏమిటి? బతుకుతెరువు కోసం నగరానికి వచ్చి చిన్న గదిలో ఉంటున్న గుమాస్తా తన ఉద్యోగం ఖాయమైన రోజున ఎవరిని ఎక్కడికి పిలవాలి? వేరువేరు ఊళ్ల నుంచి వచ్చి ఒక పూట కలిసి, ఎవరి బండి వారు ఎక్కవలసిన అక్కచెల్లెళ్లు ఎక్కడ కూర్చుని భోంచేయాలి? గృహస్థధర్మాన్ని గురించి విస్తారంగా చెప్పిన సాహిత్యం ఈ ప్రశ్నలకు నేరుగా సమాధానం చెప్పదు. సమాధానం నగరంలో, ప్రత్యేకించి రైల్వేస్టేషన్ చుట్టుపక్కల రూపుదిద్దుకుంది. ఆ రూపం ఏర్పడిన క్రమాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘వేడుక భోజనశాల’ అనే మాటను, ఆకలి తీర్చుకోవడానికి మాత్రమే కాక ఒక సందర్భాన్ని పురస్కరించుకుని, మరొకరిని పిలిచి, డబ్బు చెల్లించి భోంచేసే బహిరంగ స్థలం అనే అర్థంలో ఇక్కడ వాడడం జరిగింది.

2. విందు, దావత్, పార్టీ: పదాల సాక్ష్యం

‘విందు’ అనే మాటకు నేడు మనం వేడుక భోజనమనే అర్థాన్నే చెప్పుకుంటున్నాం. నిఘంటువులు దీనికి అతిథి, చుట్టము అనే అర్థాలను కూడా ఇస్తాయి. అంటే వచ్చిన మనిషికీ, ఆ మనిషికి పెట్టే భోజనానికీ ఒకే మాట. తమిళంలోని ‘విరుందు’ కూడా ఈ రెండు అర్థాలనూ మోస్తుంది. భోజనాన్ని అతిథి నుంచి విడదీసి చూడలేని భావన ఇక్కడ కనిపిస్తుంది.

తెలంగాణ వాడుకలో స్థిరపడిన ‘దావత్’ అరబీ మూలం నుంచి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. దీని మూలార్థం పిలుపు. విందు అనే మాట వచ్చినవారిని గుర్తుచేస్తే, దావత్ అనే మాట పిలిచినవారిని గుర్తుచేస్తుంది. ఈ రెండు పదాలలోనూ ఆహారపదార్థం అప్రధానం. మనుషుల మధ్య సంబంధమే ప్రధానం.

ఈ పదాలతో కలిసే క్రియలను పరిశీలిస్తే మరొక విషయం స్పష్టమవుతుంది. ‘విందు’కు సహజమైన క్రియలు ‘చేయు’, ‘పెట్టు’. ‘అన్నం పెట్టు’, ‘పప్పన్నం పెట్టు’ అన్నప్పటి ‘పెట్టు’లో వండడం, వడ్డించడం, ఎదుట నిలబడి కొసరడం అన్నీ ఇమిడి ఉన్నాయి. ‘దావత్’, ‘పార్టీ’ అనే మాటలకు నేటి వాడుకలో ‘ఇచ్చు’ అనే క్రియ ఎక్కువగా చేరుతుంది. ‘పార్టీ ఎప్పుడిస్తున్నావు?’ అని అడిగేవారు వంట ఎవరు చేస్తారని అడగరు. పత్రికాభాషలో ‘విందు ఇచ్చారు’ అనే ప్రయోగం కూడా ఉంది. అయితే అది ఎక్కువగా అధికారిక సందర్భాలకు, అంటే ఇంటి బయట జరిగే విందులకు చెందినది కావడం గమనించదగినది. ‘పెట్టు’ నుంచి ‘ఇచ్చు’కు జరిగిన ఈ మార్పు వంటింటి శ్రమ నుంచి చెల్లింపు వైపు ఆతిథ్యం జరగడాన్ని సూచిస్తున్నది. ఈ మార్పు వెనుక ఉన్న సామాజిక చరిత్రను తెలుసుకోవడానికి రైలుకు పూర్వపు స్థితిని ముందుగా చూడాలి.

3. రైలుకు ముందు: రూక వెలకు భోజనం, పరివారంతో ప్రయాణం

డబ్బు ఇచ్చి భోంచేయడం ఆధునిక కాలంలో మొదలైన అలవాటు కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఇందుకు బలమైన ఆధారం. దీని కర్తృత్వాన్ని శ్రీనాథునికి ఆపాదించే వాదం ఉన్నా, ఓరుగల్లు నగరజీవితాన్ని చిత్రించిన వీథిగా దీని విలువ వివాదానికి అతీతం. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు నగరమంతా తిరుగుతారు. పూటకూటి ప్రస్తావన వచ్చిన చోట, లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూకకు దొరికే భోజనాన్ని కవి పదార్థాలవారీగా వర్ణించాడు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గట్టి పెరుగు ఆ పట్టికలో ఉన్నాయి.

ఈ వర్ణనలో మూడు అంశాలు మన చర్చకు అవసరం. మొదటిది, ఇది కేవలం ఆకలి తీర్చే తిండి కాదు. పండుగ భోజనానికి తగ్గ పదార్థాలు ఇందులో ఉన్నాయి. రెండవది, దీనికి నిర్ణీతమైన వెల ఉంది. ఆ వెల ఊరిలో అందరికీ తెలిసినది. మూడవది, ఇంత జరిగినా భోజనస్థలానికి పేరు ‘ఇల్లు’ అనే ఉంది. వండినవారి పేరు తెలిస్తేనే తినేవారికి నమ్మకం. కాకతీయ నగరంలో వేడుక భోజనాన్ని కొనుక్కోవచ్చు గాని, అది మరొక గృహస్థుని ఇంట్లోనే.

తరువాతి కాలపు దూరప్రయాణానికి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర సాక్ష్యమిస్తుంది. ఆయన 18 మే 1830న చెన్నపట్టణం నుంచి బయలుదేరి 3 సెప్టెంబర్ 1831న తిరిగి చేరుకున్నాడు. హైదరాబాదు, సికింద్రాబాదు దండు కూడా ఆయన మార్గంలో ఉన్నాయి. ప్రతి మజిలీలోనూ దిగడానికి స్థలం, నీటి వసతి, అంగళ్లలో దొరికే సరుకులు మొదలైన వివరాలను ఆయన శ్రద్ధగా నమోదు చేశాడు. ఆయన వెదికినది వండిన భోజనాన్ని కాదు, వండుకోవడానికి అనువైన చోటును. స్తోమత ఉన్న యాత్రికుడు పరివారాన్ని వెంటబెట్టుకుని, ఒక విధంగా తన ఇంటినే దారి పొడవునా మోసుకుపోయాడు. అంత స్తోమత లేనివారికి సత్రాలు, బంధువుల ఇండ్లే ఆధారం.

4. పూటకూళ్లమ్మ: అవసరం, అపవాదు

గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శితమైంది. మొదటి కూర్పు 1897లో, సమూలంగా మార్చిన రెండవ కూర్పు 1909లో వెలువడ్డాయి. ఈ కాలంలోనే, 1893-96 మధ్య, బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు తీరపు రైలుమార్గం నిర్మితమైంది. అంటే ఈ నాటకం మొదటి ప్రదర్శనకు, మొదటి కూర్పు ముద్రణకు మధ్య కాలంలో విజయనగరం రైలు ప్రపంచంలో భాగమైంది.

నాటకంలోని పూటకూళ్లమ్మను విమర్శకులు ఎక్కువగా గిరీశం మోసాలను బయటపెట్టే పాత్రగానే చూశారు. భోజనచరిత్ర దృష్టితో చూస్తే ఆమె స్థానం భిన్నంగా కనిపిస్తుంది. ఆమె వితంతువు. పునర్వివాహం లేని, ఆస్తి మీద హక్కు దాదాపు లేని స్థితిలో ఆమెకు తెలిసిన విద్య వంట. ఆ విద్యనే ఆమె జీవనాధారంగా మార్చుకుంది. ఊరికి ఆమె వంట కావాలి, ఆమె పట్ల గౌరవం మాత్రం అక్కరలేదు. గిరీశం వంటివాడు ఆమె దగ్గర తిని, ఆమె డబ్బు వాడుకుని, ఆమెను గురించి తేలికగా మాట్లాడగలుగుతాడు.

క్రీడాభిరామంలోని పూటకూటిల్లు ప్రశంస పొందితే, కన్యాశుల్కంలోని పూటకూళ్ల ఇల్లు అపవాదుకు చోటైంది. రెండు గ్రంథాల ప్రక్రియాభేదం ఇందుకు కొంత కారణం కావచ్చు. అయినా ఒక విషయం మాత్రం స్పష్టం. పూటకూళ్ల ఇల్లు ఒంటరి మగవారి స్థలం. కుటుంబంతో అక్కడికి వెళ్లి శుభకార్యం జరుపుకోవడం ఆ నాటక ప్రపంచంలో ఊహకు అందని విషయం. భోజనశాల వేడుకకు తగిన చోటు కావాలంటే, ముందు అది కుటుంబం వెళ్లదగిన చోటు కావాలి.

5. స్టేషన్, పంక్తి

రైలు ఈ పాత పద్ధతులన్నింటినీ ఒత్తిడికి గురిచేసింది. పల్లకిలో వెళ్లేవాడు ఎక్కడైనా ఆగి వండుకోగలడు. రైలులో వెళ్లేవాడు బండి ఆగినప్పుడే, ఆగినంతసేపే తినాలి. ఎవరు వండారో విచారించే వ్యవధి తగ్గిపోయింది. అయితే విచారణ మానుకోవడానికి సమాజం వెంటనే సిద్ధపడలేదు. ప్లాట్‌ఫారాల మీద హిందువులకు, ముస్లిములకు వేరువేరు మంచినీళ్లు, వేరువేరు టీ ఉండేవి. దక్షిణాదిన స్టేషన్ ఫలహారశాలల్లో బ్రాహ్మణులకు ప్రత్యేకంగా స్థలం కేటాయించడాన్ని పెరియార్ నాయకత్వంలోని ఉద్యమం ప్రతిఘటించింది. బండిలో పక్కపక్కన కూర్చున్నవారు బండి దిగి తినేటప్పుడు విడిపోవలసి వచ్చింది. రైలుపెట్టె మార్చినంత త్వరగా పంక్తి మారలేదు.

‘బ్రాహ్మణ హోటల్’, ‘మిలిటరీ హోటల్’ అనే పేర్లను ఈ నేపథ్యంలో చదవాలి. మొదటిది వండినవారి కులాన్ని ప్రకటిస్తే, రెండవది మాంసాహారం దొరుకుతుందని సూచించింది. క్రీడాభిరామంలో వండినవారి పేరు ఇచ్చిన హామీని ఇక్కడ బోర్డు ఇచ్చింది. అపరిచితుల మధ్య భోజనం చేయవలసిన చోట పేరు పాత్రను బోర్డు తీసుకుంది.

ఇదే కాలంలో సంస్కరణోద్యమాలు సహపంక్తి భోజనాలను ఒక కార్యక్రమంగా చేపట్టాయి. ఆ తరువాత 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం, 15వ అధికరణం రెండవ ఖండంలో, దుకాణాలు, బహిరంగ భోజనశాలలు, హోటళ్లలోకి ప్రవేశాన్ని మత, జాతి, కుల, లింగ, జన్మస్థల కారణాల చేత నిరాకరించరాదని శాసించింది. అస్పృశ్యతను నిషేధించే చట్టం 1955లో వచ్చింది. 1976లో దానికి పౌరహక్కుల రక్షణ చట్టమనే పేరు వచ్చింది. దేశపు మౌలిక శాసనంలో భోజనశాల ప్రస్తావన చోటుచేసుకోవడం చిన్న విషయం కాదు. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినవచ్చుననేది రుచికి సంబంధించిన ప్రశ్న కాదనీ, పౌరసత్వానికి సంబంధించిన ప్రశ్న అనీ రాజ్యాంగం గుర్తించింది. నిషేధం కాగితం మీద ఉన్నంతగా ఆచరణలో లేదనడానికి, పల్లెల హోటళ్లలో చాలాకాలం కొనసాగిన రెండు గ్లాసుల పద్ధతే రుజువు.

6. సికింద్రాబాద్: దండు, రైలు, ఇరానీ హోటల్

ఈ పరిణామాలన్నీ ఒకచోట కలిసిన స్థలంగా సికింద్రాబాద్‌ను పరిశీలించవచ్చు. 1798 నాటి సైన్య సహకార ఒడంబడిక ఫలితంగా ఏర్పడిన ఆంగ్లేయుల దండుకు 1806లో సికందర్ జా పేర సికింద్రాబాద్ అనే పేరు వచ్చింది. దండును ఆశ్రయించుకుని బజార్లు పెరిగాయి. స్టేషన్ పక్కనున్న రెజిమెంటల్ బజార్ పేరు నేటికీ ఆ చరిత్రను చెబుతున్నది. 1874లో వాడి నుంచి రైలుమార్గం వచ్చింది. 1889లో అది బెజవాడను చేరి తీరాంధ్రతో సంబంధం కలిపింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దానికి కేంద్రస్థానమైంది. సైనికులు, వర్తకులు, రైల్వే కార్మికులు, గుమాస్తాలు, పై ఊళ్ల విద్యార్థులు ఈ స్టేషన్ చుట్టూ చేరారు. తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ ఒకే బజారులో వినిపించే చోటు ఇది.

వీరిలో చాలామందికి ఊళ్లో ఇల్లుంది గాని, నగరంలో లేదు. ఈ లోటును పూరించిన స్థలాల్లో ఇరానీ హోటల్ ముఖ్యమైనది. ఇరాన్ నుంచి బొంబాయి, పుణెల మీదుగా హైదరాబాద్ రాజ్యానికి వచ్చినవారు నెలకొల్పిన ఈ హోటళ్లలో పాలరాతి పలకల బల్లలు, చెక్క కుర్చీలు, పౌనా చాయ్, ఉస్మానియా బిస్కట్లు ప్రత్యేకతలు. స్టేషన్‌కు ఎదురుగా ఉన్న ఆల్ఫా హోటల్ పేరు రైలు ప్రయాణికులకు చిరపరిచితం. పారడైజ్ 1953లో అదే పేరు గల సినిమాహాలు ఆవరణలో చిన్న కేఫ్‌గా మొదలైంది. ఆ పేరే నేడు చౌరస్తాకు, మెట్రో స్టేషన్‌కు కూడా స్థిరపడింది. వినోదస్థలం, భోజనస్థలం పేరు ఊరి పేరైన సందర్భంగా దీనిని స్థలనామ పరిశోధకులు పరిగణించవలసి ఉంది.

ఇరానీ హోటల్ వండినవారి కులాన్ని గురించిన ప్రశ్నను పక్కకు తప్పించింది. యజమాని స్థానిక కులవ్యవస్థకు వెలుపలివాడు. వరుసగా నేల మీద వేసే విస్తళ్లకు బదులు విడివిడి బల్లలు. పంక్తి అనే భావన బల్ల దగ్గరికి వచ్చేసరికి ముక్కలైంది. ఎవరి బల్ల వారిది. ఇది సహపంక్తి అని చెప్పలేం, పంక్తిభేదం అనీ చెప్పలేం. సంస్కర్తలు ఉద్యమంగా సాధించదలచిన దానిలో కొంత భాగాన్ని ఈ బల్ల నిశ్శబ్దంగా సాధించింది. అయితే పక్క బల్లవారితో సంబంధం అక్కరలేని ఏకాంతాన్ని కూడా అదే కల్పించింది.

7. వెదికేవారి ప్రశ్నలు

భోజనశాలల చరిత్రను యజమానుల వైపు నుంచి రాయడం వాడుక. వెదికేవారి వైపు నుంచి చూస్తే ఆ చరిత్ర వారి ప్రశ్నల్లో కనిపిస్తుంది.

మొదటి ప్రశ్న ‘ఆడవాళ్లు కూర్చోవచ్చునా?’ అనేది. క్రీడాభిరామంలో భోక్తలు పురుషులు. కన్యాశుల్కంలో స్త్రీ వండిపెట్టేది మాత్రమే. నగర హోటళ్లలో తెర కట్టిన అరలు, ‘ఫ్యామిలీ రూమ్’ అనే బోర్డులు వచ్చాక స్త్రీ భోక్తగా లోపలికి రాగలిగింది. ఆ తెర ఆమెకు రక్షణ అని ఒకవైపు, ఆమె బహిరంగంగా కనిపించరాదనే కట్టుబాటు అని మరొకవైపు చెప్పవచ్చు. అయినా ఒక మార్పును తక్కువగా చూడరాదు. ఇంటి విందులో ఇల్లాలు అందరూ తిన్న తరువాత మిగిలినది తినేది. ప్రవరుని ఇల్లాలి ఆతిథ్యాన్ని కీర్తించే సంప్రదాయం ఆమె ఎప్పుడు భోంచేసిందని అడగదు. భోజనశాలలో మాత్రం ఆమె అందరితో పాటు కూర్చుంది, అందరితో పాటు వేడిగా తింది, ఏమి కావాలో తానే చెప్పింది. వేడుక అంటే ఆమెకు ఒక పూట పొయ్యి నుంచి సెలవు. ఇంటి బయటి భోజనం సంప్రదాయాన్ని పాడుచేసిందనే విమర్శను ఈ కోణం నుంచి పునఃపరిశీలించాలి.

రెండవ ప్రశ్న ‘ఏం పెడతారు?’ అనేది. ఒకే కుటుంబంలో శాకాహారులు, మాంసాహారులు, ఉపవాసదినాలు పాటించే పెద్దలు, బిరియాని కోరే పిల్లలు ఉంటారు. ఇంటి విందులో వంటకాలను ఆతిథేయుడు నిర్ణయిస్తాడు. ఇక్కడ అతిథి నిర్ణయిస్తాడు. పాత బోర్డులు కులాన్ని చెప్పేవి. నేటి ‘ప్యూర్ వెజ్’ బోర్డు ఆహారాన్ని చెబుతుంది. అయితే ‘ప్యూర్’ అనే విశేషణంలో పాత శుద్ధిభావన ఛాయ ఇంకా ఉంది.

మూడవ ప్రశ్న ‘బండి వేళకు ముగుస్తుందా?’ అనేది. ‘మీల్స్ రెడీ’ అనే బోర్డు నిరీక్షణ అక్కరలేదని ఇచ్చే హామీ. అది తొందరలో ఉన్నవారికి సరిపోతుంది. వేడుకకు కావలసినది మాత్రం తీరిక. సామాను పక్కన పెట్టుకుని, వృద్ధులను కూర్చోబెట్టి, కబుర్లు సాగేంతవరకు లేవమని అనని చోటు కావాలి. అందువల్ల స్టేషన్‌కు ఆనుకుని ఉన్నవి ఆకలి తీర్చే చోట్లుగా, కొంత దూరంలో ఉన్నవి వేడుక చోట్లుగా నిలవడం సహజం. వేడుక భోజనశాల స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దగ్గరగా ఉండాలి. స్టేషన్ తొందర లోపలికి రానంత దూరంగానూ ఉండాలి.

చివరి ప్రశ్న ఖర్చు. ఇరానీ హోటల్లో సొమ్ము ద్వారం దగ్గరి గల్లా వద్ద చెల్లించాలి. అక్కడ ‘నేనిస్తానంటే నేనిస్తాన’నే పెనుగులాట మనకు పరిచితమైన దృశ్యం. అది మర్యాద కోసం చేసే వాదన మాత్రమే కాదు. ఆ పూటకు ఆతిథేయుడు ఎవరో అక్కడ తేలుతుంది. నగరంలో గది తప్ప ఇల్లు లేని మనిషి, గల్లా దగ్గర డబ్బు చెల్లించిన క్షణంలో గృహస్థు స్థానాన్ని పొందుతాడు. ఆ స్థానం వంశం వల్ల గాని, ఇంటి వైశాల్యం వల్ల గాని వచ్చినది కాదు. అతని సంపాదన వల్ల వచ్చినది. సంపాదన లేనివారికి ఈ ద్వారం కూడా మూసి ఉంటుందన్నది దీని మరో ముఖం.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. వెలకు వేడుక భోజనం కాకతీయ నగరానికే తెలుసు. ఆధునికమైనది వెల కాదు, కుటుంబంతో బహిరంగంగా కూర్చోవడం. పూటకూళ్ల ఇల్లు ఆకలిని తీర్చింది గాని ఆతిథ్యహోదాను ఇవ్వలేదు. రైలు అపరిచితులను ఒకచోట చేర్చింది. రాజ్యాంగం వారికి ప్రవేశహక్కును ఇచ్చింది. ఇరానీ హోటల్ వంటి స్థలాలు వారికి బల్లను వేశాయి. ఈ మూడింటి కలయిక వల్ల సొంత ఇల్లు లేనివారు కూడా నగరంలో మరొకరిని భోజనానికి పిలవగలిగారు. ‘విందు పెట్టు’ నుంచి ‘పార్టీ ఇచ్చు’ దాకా సాగిన పదయాత్ర ఈ చరిత్రకు భాషలో మిగిలిన గుర్తు.

సాహిత్య పరిశోధనలో ఆతిథ్యాన్ని ఇప్పటివరకు గృహధర్మంగానే ఎక్కువగా చర్చించాం. ఆధునిక కథ, నవలల్లోని హోటల్ సన్నివేశాలను కేవలం నేపథ్యంగా వదిలివేయక, పాత్రల మధ్య హోదాలు మారే స్థలాలుగా చదవవలసి ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ రూపం మారుతున్న ఈ కాలంలో, పరిసరాల్లోని భోజనశాలల పేర్లు, వాటి బోర్డుల భాష, వాటిలో దశాబ్దాలుగా వడ్డించినవారి జ్ఞాపకాలు నమోదు కావాలి. గొప్పవారి విందులకు కావ్యాలు మిగిలాయి. గది మనుషుల విందులకు మిగిలినవి ఈ బోర్డులు, ఈ జ్ఞాపకాలు మాత్రమే.